నర్సమ్మ చెప్పని పేర్లు

ఈ నెల ఒకటో తేదీ పొద్దున ఏడింటికి నాకు ఫోన్ వచ్చింది. చేసింది శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి బతికే ఒకాయన భార్య. "సారూ, నర్సమ్మ పోయింది" అని చెప్పి పెట్టేసింది. నేనే మళ్లీ చేసి వివరాలు అడిగాను. తెల్లవారుతుండగా ఛాతీలో నొప్పి అన్నదట. తూంకుంటలో ఆమె అద్దెకున్న ఇంటివాళ్లు ఆటో పిలుచుకొచ్చేలోపే అయిపోయింది. వయసు అరవై ఒకటి. చుట్టుపక్కల ఊళ్ల ఆరోగ్య ఉపకేంద్రాల్లో ఇరవై ఏడేళ్లు నర్సుగా పనిచేసి మూడేళ్ల కింద రిటైరైంది.

మర్నాడు ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పు చెప్పింది. ఈడొచ్చిన ఇద్దరు మగవాళ్లు ఇష్టపడి కలిసి ఉంటే అది నేరం కాదన్నది. ఆ మాటను ఆరేళ్ల కిందే మా ప్రాంతంలో పేపర్లో ఫొటోతో సహా చెప్పిన మనిషి నర్సమ్మ ఒక్కతే. తీర్పు వచ్చేసరికి ఆమె పాడె మీద ఉంది. ఈ వ్యాసంలో నేను ఎవరి పేరూ రాయడం లేదు, ఆమె పేరు కూడా. నర్సమ్మ అన్నది నర్సు కాబట్టి ఊళ్లవాళ్లు పిలిచిన పిలుపు. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ఆమె ఎక్కువ కాలం పనిచేసిన ఊళ్లో శవాన్ని ఒక గంట సేపు ఉంచారు. పంచాయతీ ఆఫీసు ముందు ఫ్లెక్సీ కట్టారు. దాని మీద ఐదు ముఖాలున్నాయి. అన్నింటికంటే చిన్నది ఆమెది. "మా ఊరి తల్లికి కన్నీటి వీడ్కోలు" అని రాయించారు. ఆ తల్లిని ఆరేళ్ల కింద ఆ ఊరి నుంచి పంపించింది ఆ ఫ్లెక్సీ కట్టించినవాళ్లే. నేను విశేషణాలు తక్కువ వాడతాను. ఆ ఫ్లెక్సీ ముందు నిలబడ్డప్పుడు కలిగినదానికి మాత్రం అసహ్యం అనే మాట తప్ప ఇంకోటి దొరకలేదు.

ఆ ఊళ్లో చాయ్ హోటల్ నడిపి, వార్డు మెంబరై, ఇప్పుడు ఒక పార్టీ మండల నాయకుడిగా ఉన్నాయన మైకు పట్టుకున్నాడు. నర్సమ్మ ఊరందరినీ పేరుపేరునా పలకరించేదని చెప్పాడు. ఇది తప్పు. ఆమె ఎవరినీ పేరు పెట్టి పిలిచేది కాదు.

ఉపకేంద్రం అంటే రోడ్డు మీది ఒక అద్దె గది, ముందు అరుగు, అరుగు మీద బెంచి. బెంచి మీద ఎందరు కూర్చున్నా ఆమె లోపలి నుంచి "నీలి అంగీ రా", "గొడుగాయన రా", "కొత్త చెప్పులామె రా" అనే పిలిచేది. నేను మొదటిసారి వెళ్లింది తొంభై నాలుగులో. డిగ్రీ తప్పి, ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా చేరిన కొత్త. పోలియో చుక్కల వార్త కోసం వెళితే "సంచి తమ్మీ రా" అని పిలిచింది. పేరెందుకు పిలవరని అడిగాను. పేరు పిలిస్తే రోడ్డు మీదున్నోళ్లకు కూడా వినబడుతుంది, రోగం పేరు కూడా దాని వెంటే పోతుంది అంది. అంటూనే కొంగు ముడి విప్పి లవంగం ఒకటి నోట్లో వేసుకుంది. మందుల వాసన గొంతులో నిలవకుండా రోజంతా లవంగాలు నమిలేది.

ఆ గదికి ఎదురుగానే చాయ్ హోటల్ ఉండేది. ఎవరు వచ్చారు, ఎంతసేపు కూర్చున్నారు, ఏం పట్టుకుపోయారు అన్నది హోటల్లో కూర్చున్న పది మందికీ కనిపించేది. అందుకే కావచ్చు, నోరు మూసుకోవడం కూడా ఆమెకు ఒక పనిలాగే ఉండేది. "సూదేసుడు సగం డ్యూటీ తమ్మీ. నోరు మూసుకునుడు మిగిలిన సగం" అనేది. టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని కీసర బస్సులో నిలబడ్డవాళ్ల మధ్య కూర్చుని పోయేది. డబ్బాలో ఏముందని ఎవరైనా అడిగితే ఐస్ అనేది. అది నిజమే.

స్వలింగ సంబంధాల గురించి ఆమెకు అభిప్రాయం ఏ పుస్తకం చదివో రాలేదు. చాలా ఏళ్ల తర్వాత నాకు ఒకసారి చెప్పింది. తొంభైల్లోనే, ఏ ఊరో చెప్పలేదు, ఒక కోడల్ని అత్తగారు తీసుకొచ్చింది. పెళ్లై మూడేళ్లు, పిల్లల్లేరు. ఆ అమ్మాయిని అప్పటికే నాలుగు దర్గాలు, రెండు గుళ్లు తిప్పారు. ఒక చోట ఏవో ఆకుల పసరు తాగించారు. వాంతులై చిక్కిపోయి వచ్చింది. నర్సమ్మ అత్తను బయటికి పంపి అడిగితే, మూడేళ్లలో భర్త తనను ముట్టుకోలేదని ఆ పిల్ల చెప్పింది. తర్వాత భర్తను పిలిపించింది. అతను గంటసేపు గోడ వైపు చూస్తూ కూర్చుని, చివరికి తన సంగతి చెప్పాడు. ఇష్టం లేదని పెళ్లికి ముందు తండ్రికి చెబితే, తండ్రి పురుగుల మందు డబ్బా చేతికిచ్చి, నువ్వు తాగుతవా నేను తాగాల్నా అన్నాడట.

"తప్పు ఆ పిల్లది గాదు. ఆ పిలగానిది గూడ గాదు. చెప్పుకునే జాగ లేకపాయె. ఒక్కని నోరు మూసినందుకు రెండు బతుకులు బొంద వడ్డయి" అంది నర్సమ్మ. ఆ అమ్మాయికి పసరు ఆపించడం తప్ప తను ఏమీ చేయలేకపోయానంది. ఆ తర్వాత అలాంటి వాళ్లు ఒకరి నుంచి ఒకరు తెలుసుకుని ఆమె దగ్గరికి వచ్చేవారు. పక్క ఊళ్ల నుంచి, మేడ్చల్ నుంచి కూడా. రోగం ఉంటే పరీక్షకు పంపేది. లేకపోతే వినేది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. తెలియకుండానే నేను చేసిన పని ఇప్పుడు చెబుతాను.

రెండు వేల మూడులో ఢిల్లీ కోర్టులో అలాంటి సంబంధాలను నేరమనే చట్టం మీద కేసు నడుస్తోంది. ఒక మధ్యాహ్నం డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. జిల్లా అనుబంధంలో ప్రజల అభిప్రాయాలు వేస్తున్నాం, రెండు అనుకూలం, రెండు వ్యతిరేకం, ఒక్కొక్కటి నలభై మాటలు, పాస్‌పోర్టు ఫొటోలు తప్పనిసరి, లోకల్ టచ్ ఉండాలి, సాయంత్రం బస్సుకు కవర్ అందాలి అన్నారు. పేపరు చదివేవాళ్లకు ఆ శీర్షిక తెలుసు. ఫొటో పక్కన నాలుగు లైన్లు. అది తయారయ్యే పద్ధతి చాలామందికి తెలియదు. మనిషి ఒక ముక్క చెబుతాడు. మిగతా ముప్పై మాటలు మేము కలుపుతాం. అందరూ అలాగే చేసేవాళ్లు. నేనూ చేసేవాణ్ని.

వ్యతిరేకం ఇరవై నిమిషాల్లో దొరికింది. హోటలాయన ఫొటో జేబులోంచి తీసిచ్చి, మన సంస్కృతి కాదు అని రాసుకో అన్నాడు. పక్కనున్న ఆయన, బయటి దేశాల రోగం అన్నాడు. ఇంకొకాయన, ఇయ్యాల ఒప్పుకుంటే రేపు పెండ్లిళ్లంటరు అన్నాడు. అనుకూలం ఎవరూ దొరకలేదు. డెస్క్ కోసం ఏదో ఒకటి కావాలని రోడ్డు దాటి నర్సమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆమె గాజు గ్లాసులు కడుగుతోంది. ప్రశ్న విని చెయ్యి తుడుచుకుని ఇలా అంది: "భయపడ్డోడు దవాఖానకు రాడు. రానోనికి నేను మందెట్ల ఇయ్యాలె? నేరమనుడు బందు జెయ్యాలె. వాళ్లు గూడ మనుషులే, అందరికున్న హక్కు వాళ్లకు గూడ ఉండాలె." ఫొటో ఇచ్చింది. రాసుకుని చూస్తే నలభైకి సగం కూడా లేదు. బస్టాండులో కూర్చుని దాన్ని పేపరు భాషలోకి మార్చాను. లోకల్ టచ్ కోసం చివర్లో నేనే రెండు వాక్యాలు కలిపాను: "మా గ్రామంలోనూ అలాంటి వారున్నారు. వారు నా దగ్గరకు వస్తుంటారు." కవర్ డ్రైవర్‌కిచ్చి ఇంటికెళ్లి అన్నం తిన్నాను.

పేపరు పొద్దున ఏడింటికి వచ్చింది. హోటల్లో హోటలాయనే గట్టిగా చదివి వినిపించాడు. మొదట అందరూ నవ్వారు. మొన్న నువ్వు సూదేయించుకున్నవ్ గద అని ఒకరిని ఒకరు వెక్కిరించుకున్నారు. తొమ్మిదింటికల్లా నవ్వు ఆగి లెక్క మొదలైంది. నర్సమ్మ దగ్గరికి తరచూ వచ్చే మగవాళ్లు ఎవరెవరు? రెండు రోజుల్లో బెంచి ఖాళీ అయింది. జ్వరమొచ్చిన మగవాడు కూడా మేడ్చల్ బస్సెక్కాడు కానీ రోడ్డు దాటలేదు.

ఒక్కాయన మాత్రం రాక తప్పని మనిషి. నాకు ఫోన్ చేసిన ఆవిడ భర్త, చెరువులో చేపలు పట్టే ఆయన. ఆయనకు టీబీ. ఆ మందులు ఇంటికివ్వరు. మొదటి రెండు నెలలు వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, నర్సు కళ్ల ముందే మింగాలి. మధ్యలో ఆపితే రోగం మొండికేస్తుంది. టీబీ సంగతి ఊళ్లో తెలిస్తే ఆయన చేపలు ఎవరూ కొనరు. అందుకని అది దాచిపెట్టారు. వారానికి మూడుసార్లు, పొద్దున్నే, ఒక్కడే వచ్చి, తలుపు దగ్గరగా వేయించుకుని, పావుగంట లోపల ఉండి వెళ్లే మగవాడు. హోటల్లో కూర్చున్నవాళ్లకు ఇంకేం కావాలి?

ఆయన బావమరుదులు కీసర దగ్గర పల్లె నుంచి వచ్చారు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద మనుషులు చేరారు. నర్సమ్మను పిలిపించారు. నేను కూడా అక్కడ నోట్‌బుక్కుతో స్తంభం పక్కన నిలబడి ఉన్నాను.

"నర్సమ్మా, నీ మీద మాకేం కోపం లేదు" అన్నాడు హోటలాయన. "పేర్లు చెప్పు, అయిపాయె. మా పిలగాండ్లను జర దూరం బెట్టుకుంటం."

"ఎవల పేర్లు?"

"నీ దగ్గరికి వస్తరని నువ్వే అంటివి గద పేపర్ల."

ఆమె నా వైపు ఒకసారి చూసింది. ఆ వాక్యం నేను కలిపిందే అని ఒక్క ముక్క చెబితే ఆ పంచాయతీ అక్కడితో ముగిసేది. నేను చెప్పలేదు. చెబితే పేపరు నన్ను తీసేస్తుందని ఆ క్షణంలో నాకు తోచింది. ఆమె చూపు తిప్పుకుంది.

"వస్తరు. నా దగ్గరికి అందరొస్తరు. పేర్లు చెప్పుడు నా డ్యూటీల లేదు."

అప్పుడు మొదలైన వాదన గంటసేపు నడిచింది. నా నోట్‌బుక్కులో ఇప్పటికీ ఉంది. ఇది మన దగ్గర లేదు, పట్నంలో నేర్చుకుంటరు అని ఒకరన్నారు. పట్నం ఇక్కడికి ఎంత దూరముంది, చెయ్యెత్తితే బస్సు ఆగుతది, నేర్చుకునేదైతే ఈపాటికి ఊరంతా నేర్చుకుంటుండె అందామె. దేవుడు ఒప్పుకోడని ఒక పెద్దాయన అంటే, నాకైతే ఏం చెప్పలే, మీకు చెప్పిండా అని అడిగింది. వంశాలు ఆగిపోతయని మరొకరు అన్నారు. అప్పుడు ఆమె గొంతు మారింది. వంశం కోసం ఇష్టం లేని పెండ్లి జేస్తే ఏమైతదో ఆ ఇంటికొచ్చిన ఆడపిల్లను అడగండ్రి అంది.

సంసారాలు పాడైతయని హోటలాయన అన్నప్పుడు మాత్రం ఆమె లేచి నిలబడింది. "ఈ ఊర్ల ఆడోళ్ల తలలకు నేనేసిన కుట్లు లెక్కబెట్టిన్నా? అన్ని పెండ్లయిన మొగోళ్లు పలగ్గొట్టినయే. ఒక్కదానికన్న గీ అరుగు మీద పంచాయతి బెట్టిండ్రా? ఎవల జోలికి పోనోళ్ల కోసం ఇయ్యాల ఇంతమంది కూసున్నరు."

వెనక నుంచి ఒకడు, మొగుణ్ణి నిలుపుకోనిది మొగోళ్ల హక్కులు మాట్లాడుతది అన్నాడు. ఆమె భర్త ఎప్పుడో ఇంకో పెళ్లి చేసుకుని పోయాడు. చాలామంది నవ్వారు. "నిలుపుకునేటందుకు ఆయనేం గోద గాదు గద. కట్టేసే పలుపు నా దగ్గర లేకుండె" అని ఆమె మెట్లు దిగింది.

వాదనలో ఎవరు గెలిచారో ఆ రోజు అందరికీ తెలుసు. దాని వల్ల ఏమీ కాలేదు. మనుషులకు జవాబు అక్కర్లేదు, పేర్లు కావాలి. పదిహేనేళ్లుగా ఈ వృత్తిలో నేను చూసినవాటిలో ఇంతకంటే రోత పుట్టించేది తక్కువ.

సాయంత్రం ఉపకేంద్రానికి వెళ్లాను. ఆ మాట నేననలేదని చెప్పొచ్చు కదమ్మా అన్నాను. క్షమించమని కూడా అనలేదు, చూడండి.

"నీ నౌకరి కోసం ఊకున్న అనుకుంటున్నవా?" అంది. "నువ్వు రాసింది అబద్ధం తమ్మీ. కానీ నిజం. గదే పరేషాన్. నా దగ్గరికి ఎవ్వరు రారని అరుగు మీద నిలవడి చెప్తే, వచ్చేటోళ్లు వినరా? రేపు నా గడప తొక్కుతరా? ఉన్నోళ్లను లేరని నేనెట్ల చెప్పాలె?"

అప్పుడే చేపలాయన భార్య వచ్చింది. అన్నలు తనను కీసరకు తీసుకుపోతామంటున్నారని, నా మొగడేందో నాకు తెల్వదా అని వాళ్లతో కొట్లాడి వచ్చానని చెప్పింది. ఆయన ఆ రోజు మందుకు రాలేదు. ఇక రానంటున్నాడట. "టీబీ అని చెప్పెయ్యి సిస్టరమ్మా. చేపలు అమ్ముడువోకపోతే పోనీ. ఇజ్జత్ అన్న దక్కుతది."

నర్సమ్మ వెంటనే ఒప్పుకుంటుందనుకున్నాను. ఒప్పుకోలేదు. ఆలోచించి, మెల్లగా చెప్పింది. "ఇయ్యాల నీ పెన్మిటి పేరు కొట్టేస్తే రేపు ఇంకోన్ని అడుగుతరు, నువ్వెందుకు పోతవు నర్సమ్మ దగ్గరికని. వానికీ ఒక రోగం చెప్పాలె నేను. కొట్టేసుకుంట పోతే లాస్టుకు మిగిలినోడే దొరుకుతడు. వాళ్లకు కావల్సింది గదే."

"వాళ్ల కోసం నా సంసారం పోవాల్నా?"

"పోవద్దు." నర్సమ్మ నా వైపు తిరిగింది. "అందుకే ఈయన గూడ వస్తడు. సోమ, బుధ, శుక్ర. పొద్దున ఎనిమిదికి. నీ పెన్మిటి పక్కన గీ బెంచి మీద కూసుంటడు, రోడ్డు దిక్కు మొకం బెట్టి. ఒక్కడుంటే దొంగ, ఇద్దరుంటే లైను."

ఆయనకు ఇంకా అయిదు వారాల మందు మిగిలింది. వారానికి మూడు చొప్పున పదిహేను రోజులు. నేను సరేనన్నాను. ఆమె అడిగింది అంత చిన్న పని.

మొదటి సోమవారం చేపలాయన వచ్చాడు. నా పక్కన, మూరెడు దూరంలో కూర్చున్నాడు. "ఆ గలీజోళ్ల మూలంగ నా బతుకు బజార్ల వడ్డది సారూ" అన్నాడు. ఎదురుగా హోటల్లోంచి "రిపోర్టర్ సాబ్, నువ్వు గూడనా?" అని వినిపించింది. నవ్వి ఊరుకున్నాను. రెండో వారం మా ఇంటికి కబురు వచ్చింది. మేడ్చల్‌లో నాకు అనుకున్న సంబంధం వాళ్లు, పిల్లగాడి ఆరోగ్యం ఎలా ఉందని అడిగారట. ఆ శుక్రవారం హోటలాయన మళ్లీ అడిగాడు. నేను లేచి నిలబడి, రోడ్డు అవతలికి వినబడేలా, బీపీ చూపించుకుంటున్నానని చెప్పాను. ముప్పై ఏండ్లు నిండలే, బీపీనా అని నవ్వారు గానీ నమ్మారు.

లోపల గ్లాసులు కడుగుతున్న చప్పుడు కొద్దిసేపు ఆగి మళ్లీ మొదలైంది. చేపలాయన నా వైపు చూడలేదు. నాకు చెప్పుకోవడానికి ఒక అబద్ధం దొరికింది. ఆయనకు నిజం కూడా చెప్పుకునే వీల్లేదు.

పదిహేనింటిలో నేను పదకొండు రోజులే వెళ్లాను. నాలుగు రోజులు వేరే వార్తలున్నాయని నాకు నేను చెప్పుకున్నాను. చేపలాయన మాత్రం ఆ మొదటి సోమవారం నుంచి ఒక్క మోతాదు కూడా తప్పలేదు. నర్సమ్మ నన్ను ఆ నాలుగు రోజుల గురించి ఎన్నడూ అడగలేదు.

ఊళ్లో మాట ఎలా ఆగిందో చెప్పాలి. ఎవరో బుద్ధి తెచ్చుకుని కాదు. హోటలాయనకు వీపు మీద సెగ్గడ్డ లేచింది. కూర్చోలేడు, పడుకోలేడు. పట్నం పోయే ఓపిక లేక రోడ్డు దాటి బెంచి మీద ఒరిగాడు. ఆమె లోపలి నుంచి "పసుపు లుంగీ రా" అని పిలిచింది. తొమ్మిది రోజులు కట్టు కట్టింది. తొమ్మిది రోజులూ ఆయన ఆ బెంచి మీద కూర్చున్నాడు. ఆయన కూర్చున్న చోట ఇంకెవరినీ వెక్కిరించడానికి కుదరలేదు. బావమరుదులు మళ్లీ రాలేదు. రెండు నెలలు నిండాక చేపలాయన తెమడ పరీక్షలో రోగం కనిపించలేదు.

కట్టు విప్పిన నెలకు ఆమెకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా పత్రికతో మాట్లాడినందుకు సంజాయిషీ ఇవ్వాలని. ఫిర్యాదు మీద ఊరి వాళ్ల సంతకాలున్నాయి. మొదటి సంతకం హోటలాయనది. అది ఆయన కట్టు కట్టించుకుంటున్న రోజుల్లోనే పెట్టిన సంతకం. సంజాయిషీలో కూడా ఆమె నా పేరు రాయలేదు. జవహర్‌నగర్ వైపు బదిలీ చేశారు.

అక్కడికి ఒకసారి వెళ్లాను. పట్నం చెత్తంతా పోసే చోటు దగ్గరే. గాలి తిరిగితే ముక్కు మూసుకోవాలి. ఆమె అదే లవంగం నములుతూ రిజిస్టర్ రాసుకుంటోంది. ఇక్కడ ఎలా ఉంటున్నారని అడిగాను. "వాసనకు నెల రోజులల్ల అలవాటైన. మనుషులకే ఇంక కాలే" అంది. పాత ఊరి నుంచి అలాంటి వాళ్లు ఎవరైనా ఇక్కడికి వస్తున్నారా అని అడిగాను. ఇద్దరు ముగ్గురు వస్తున్నారంది. ఒకాయన మాత్రం పేపరు వచ్చిన రోజు నుంచి మళ్లీ కనబడలేదట. ఆయనకు మందు నడుస్తుండె, మంచిగయ్యే మనిషే అంది. ఉన్నాడో లేడో తెలియదు. ఎవరినీ అడగడానికి లేదు, అడిగితే పేరు చెప్పాలి. నన్ను ఏమీ అనలేదు. నేను కలిపిన రెండు వాక్యాల్లో ఎన్ని మాటలున్నాయో ఆ రోజు బస్సులో లెక్కపెట్టాను. ఎనిమిది.

ఇప్పుడు మొన్నటి సంగతి. అంత్యక్రియల నుంచి తిరిగి వస్తుంటే డెస్క్ నుంచి ఫోన్. తీర్పు వచ్చింది కాబట్టి అభిప్రాయాలు కావాలి. రెండు అనుకూలం, రెండు వ్యతిరేకం. నలభై మాటలు. ఆరేళ్లలో ఆ లెక్క మారలేదు. ఒక పక్క కొందరిని జైల్లో పెట్టమనేవాళ్లు, ఇంకో పక్క పెట్టొద్దనేవాళ్లు. రెండింటికీ సమానంగా స్థలమిస్తే దాన్ని మేము న్యాయం అంటాం.

హోటలాయన ఫ్లెక్సీ కిందే దొరికాడు. మన సంస్కృతి కాదు అని రాసుకొమ్మన్నాడు. అదే మాట. అడుగున నర్సమ్మకు నివాళి అని తన పేరుతో ఒక వాక్యం వేయగలరా అని కూడా అడిగాడు. వేయడం కుదరదన్నాను.

అక్కడి నుంచి చెరువుకు వెళ్లాను. ఈ ఏడు వానలు ఇంకా పడలేదు. నీళ్లు బాగా లోపలికి పోయి బురద నెర్రెలిచ్చింది. చేపలాయన దూరంగా, తొడల లోతు నీళ్లలో వల విప్పుతున్నాడు. ఒడ్డున భార్య గంప పెట్టుకుని కూర్చుంది. ఎందుకొచ్చానో నీళ్ల అంచు దాకా పోయి చెప్పాను. ఇష్టం లేకపోతే వద్దని కూడా చెప్పాను. ఆయన వల విప్పుతూనే మాట్లాడాడు.

"గాళ్లంటే నాకు ఇప్పటికీ పడదు సారూ. అబద్ధమెందుకు. కానీ పడకపోతే మనం పక్కకు జరగాలె. జైలెందుకు? వాళ్లను కొట్టుడెందుకు? నాకున్న హక్కు వానికి గూడ ఉండాలె. రాసుకో."

రాసుకున్నాను. చదివి వినిపించాను. ఇంకేమన్న కలుపుతవా అని అడిగాడు. కలపనన్నాను. అయితే ఫొటో తియ్యి అన్నాడు.

"పేరు వద్దంటే మానేస్తా" అన్నాను.

"వెయ్యి. మా నాయిన పేరు గూడ వెయ్యి. ఈ ఊర్ల నా పేరోళ్లు ముగ్గురున్నరు. ఇంకోని మీదికి పోవద్దు."

భార్య లేచి గట్టు మీదున్న అంగీని ఉండ చుట్టి విసిరింది. ఆయన ఒంటిచేత్తో అందుకుని, తడి ఒంటి మీదే తొడుక్కుని, మెడ దాకా గుండీలన్నీ పెట్టుకున్నాడు. వల వదిలేశాడు. రేషన్ కార్డు ఫొటోకు నిలబడ్డట్టు చేతులు రెండూ తిన్నగా కిందికి పెట్టి, తొడల లోతు నీళ్లలో, కెమెరా వైపు సూటిగా చూస్తూ నిలబడ్డాడు. వెనక వల మెల్లగా విచ్చుకుంటూ నీళ్ల మీద దూరంగా పోతోంది. ఆయన తల తిప్పి చూడలేదు.